మా బావ ఇత్తడి కారు

పెద్దకర్మ కార్డు మీద మా బావ పేరుకి ముందు 'ప్రముఖ ఇత్తడి వర్తకులు' అని అచ్చు వేయించారు. చదవగానే ఒళ్ళు మండిపోయింది. వర్తకులట! అందులోనూ ప్రముఖులట! మా అక్క మొగుడు జన్మలో ఒక్క బిందెని సవ్యంగా అమ్మిన పాపాన పోలేదు. తక్కెట్లో రాయి వేసి, ముల్లు ఎక్కడ ఆగిందో చూడకుండా, ఆ తక్కెడ గొలుసు కొక్కెం ఎవరు చేశారో ఎంత బాగా చేశారో చూస్తూ కూర్చునేవాడు. పోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు రాయాలంటే రాయండి, ఎవరు వద్దన్నారు? ఆయన బతుకంతా దేన్నయితే భరించలేకపోయాడో, దాన్నే పట్టుకొచ్చి పేరుకి తగిలించాలా?

తిరువూరు బజారులో ఆ ఇత్తడి సామాన్ల కొట్టు వాళ్ళ నాన్నగారి నాటిది. ఆయన పోయాక బావ వాళ్ళ అన్నగారు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారు. బావని తక్కెడ దగ్గర కూర్చోబెట్టారు. అన్నగారిని ఆ ఇంట్లో అందరూ 'పెద్దాయన' అనేవాళ్ళు, అప్పటికి ఆయనకి తల కూడా నెరవలేదు. ఆయన మాటంటే మాటే. బావకి కూడా పెళ్ళయింది, మీసాలొచ్చాయి, అయినా అన్నగారు పిలిస్తే చటుక్కున లేచి నిలబడేవాడు. అది చూస్తే నాకు అప్పుడే చిరాకేసేది.

కొట్లో ఆయన వ్యాపారం ఎట్లా ఉండేదో చెబుతాను వినండి. పెళ్ళి సారె కోసం ఎవరో పల్లెటూరి ఆవిడ వచ్చి బిందె చేతిలోకి తీసుకునేది. బావ రేకు మీద గీతలు గీసుకునే గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, ఒక కన్ను మూసి, ఆ బిందె వైపు చూసేవాడు.

"అది వద్దండీ. మెడ దగ్గర అతుకు చూడండి, ఏడాది తిరక్కుండా కారుద్ది."

"మరి ఏది తీసుకోమంటావు బాబూ?"

"ఇవాళ సరుకేమీ బాగోలేదండి. పై వారం రండి."

పెద్దాయన గల్లాపెట్టె దగ్గర నుంచి చూసే చూపుకి ఇంకొకళ్ళయితే మాడి మసైపోయేవాళ్ళు. బావ మాత్రం తాపీగా సూదులు నోట్లోంచి తీసి, కాళ్ళ దగ్గర పెట్టుకున్న రేకు ముక్కని ఆకురాయితో మళ్ళీ గీకడం మొదలుపెట్టేవాడు. ఎదుటి మనిషి చెప్పేది వింటున్నాడా లేదా అంటే, వినేవాడు కాదు. నేను చాలాసార్లు పరీక్షించాను. "బావా, ఇల్లు అంటుకుంది" అంటే "ఊఁ, అక్కడ పెట్టు" అన్నాడొకసారి.

ఆయన లాల్చీ జేబులో ఎప్పుడూ ముడులు వేసిన పురికొస ఒకటుండేది. ఏ బండి కనబడినా, బస్సు కానీ లారీ కానీ, ముందు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, తర్వాత గొంతుక్కూర్చుని కిందకి తొంగిచూసి, పురికొస తీసి కొలిచేవాడు. పెళ్ళినాడు కూడా వదల్లేదు మహానుభావుడు. పెనుగొలనులో మా ఇంటికి మగపెళ్ళివారు తరలివచ్చారు. రెడ్డిగూడెం మామిడితోటల ఆసామి ఒకాయన కారుని అడిగి తెచ్చి, పెళ్ళికొడుకుని అందులో కూర్చోబెట్టి తీసుకొచ్చారు. ఎదురుకోలుకి మేమంతా పన్నీరు బుడ్లూ పానకం బిందెలూ పట్టుకుని వెళితే కారులో పెళ్ళికొడుకు లేడు. మేళాలు ఆగిపోయాయి. మా అమ్మ ముఖం పాలిపోయింది. చూడబోతే ఆయనగారు పట్టుపంచెతో సహా కారు కిందకి దూరి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఉత్తరీయం నిండా నూనె మరకలతో బయటికొచ్చి, మా నాన్నతో అన్న మొదటి మాట ఏమిటో తెలుసా?

"మావయ్యగారూ, వెనక స్ప్రింగు పట్టీలు చూశారా? ఎంత అందంగా ఉన్నాయో!"

మా అమ్మ ఆ పూటంతా ఏడుపు ఆపలేదు. పిచ్చివాడికి పిల్లనిస్తున్నామని ఆవిడ గోల. మా అక్క మాత్రం తల వంచుకుని నవ్వింది. నేను చూశాను.

ఆ కారు యుద్ధానికి ముందు కొన్న విదేశీ కారు. పొడుగాటి బానెట్టు, ముందు నిలువు చువ్వల జాలీ, గుండ్రటి పెద్ద లైట్లు, ఎక్కడానికి రెండు పక్కలా అడుగుబల్ల, వెనక వీపుకి తగిలించినట్టు స్టెప్నీ. ముదురు మెరూన్ రంగు, నల్లటి మడ్‌గార్డులు. దాన్నే మా బావ ఇత్తడితో చేయడం మొదలుపెట్టాడు, అడుగుకి అంగుళం లెక్కన. అసలు కారులో అడుగున్న చోట ఆయన కారులో అంగుళం. మొత్తం కలిపి మూరకి తక్కువే. మామిడి చెక్కతో అచ్చు చెక్కుకుని, రేకుని కుంపట్లో కాల్చి, ఆ అచ్చు మీద పెట్టి, చెక్క సుత్తితో వంపు వచ్చేదాకా తట్టేవాడు. కాస్త ఎక్కువ తడితే రేకు చిట్లిపోయేది. మళ్ళీ మొదటికి. మడ్‌గార్డు వంపు ఒక్కటే ఎన్నిసార్లు చేశాడో ఆ దేవుడికే తెలియాలి.

ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా ముందు ఆయన దగ్గర వెతికేవాళ్ళం. ముందు జాలీకి మా అక్క తలపిన్నులు పోయాయి. లైట్లకి పాత చేతిగడియారాల అద్దాలు. సీట్లకి నగల పెట్టెలోని మఖమలు గుడ్డ చింపేశాడు. "పిన్నులేవండీ?" అని అక్క జుట్టు చేత్తో పట్టుకుని నిలబడితే, "అదుగో, ఎంత బాగా అమిరాయో చూడు" అని కారు చూపించేవాడు. అక్క కోప్పడబోయి, వంగి చూసి, నవ్వేసేది. వాళ్ళ కాపురం అట్లా నడిచేది.

ఉన్నది ఉన్నట్టు చేస్తే అది బొమ్మ, అందులో మనదేముంది అనేవాడు. అందుకని తన సొంతానికి కొన్ని మార్పులు చేశాడు. వెనక తలుపు అసలు కారులో ఇరుకు. దాన్ని వెడల్పు చేశాడు, "చీరె కట్టుకున్నవాళ్ళు ఎట్లా ఎక్కుతారు?" అంటూ. అడుగుబల్ల కిందకి దించాడు, ముసలమ్మల మోకాళ్ళ కోసం. ముందు సీటు వీపుకి ఇత్తడి వలయం ఒకటి పెట్టి, అందులో కందిగింజంత మూత ఉన్న కూజా నిలబెట్టాడు. "మన ఎండల్లో కూజా లేని కారు కారేనా? ఆ తయారుచేసినవాళ్ళకి దాహం వెయ్యదు కాబోలు" అనేవాడు. ఆ అడుగు, అంగుళం మాట ఇంట్లో అన్నిటికీ వాడేవాడు. వాళ్ళమ్మగారు అన్నం ఎక్కువ వడ్డిస్తే "అడుగుకి అంగుళం పెట్టమ్మా" అనేవాడు. అన్నగారు తిట్లు లంకించుకుంటే, ఆయనకి వినబడకుండా నా వైపు తిరిగి "అడుగుకి అంగుళం తిడితే బాగుండు" అనేవాడు.

ఆ తిట్లలో పెద్దాయన ఎప్పుడూ అనే మాట ఒకటుంది, నాకు ఈనాటికీ కారం రాసినట్టుంటుంది. "ఇత్తడి మనం అమ్ముతాం. సుత్తితో కొట్టం. కొట్టేవాళ్ళు వేరే ఉన్నారు." ఏం, కొడితే చేతులు పడిపోతాయా? వాళ్ళు కొట్టకపోతే మీరేం అమ్ముతారు, మట్టా? అని అడగాలని నోటిదాకా వచ్చేది. చుట్టపుచూపుగా వచ్చిన ఆడపిల్లని, ఏమని అడగను?

అట్లాంటి రోజుల్లో బెజవాడ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయనకి బస్సులకి బాడీలు కట్టే షెడ్డు ఉంది. తిరువూరులో బస్సులవాళ్ళతో ఏదో పనుండి వచ్చి, కొట్టు ముందు నడుస్తూ, బావ ఒళ్ళోని కారు చూసి ఆగిపోయాడు. చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. తలుపు తీసి చూశాడు, వేసి చూశాడు. కూజా చూసి పెద్దగా నవ్వాడు. వెడల్పు తలుపు చూసి మాత్రం నవ్వలేదు.

"మీరైతే బస్సుకి మెట్టు ఎంత ఎత్తులో పెడతారండీ?" అని అడిగాడు.

"బెత్తెడు దించుతానండి. నెత్తి మీద గంప ఉన్నవాళ్ళు కూడా ఎక్కుతారు కదండీ."

ఇద్దరూ అట్లా మాటల్లో పడిపోయారు. నేనూ అక్కా లోపలి తలుపు వెనక నుంచి వింటున్నాం. వెళ్ళేటప్పుడు ఆయన అన్న మాటలు ఇవి. "దసరా మర్నాడు మళ్ళీ వస్తానండి. రంగులవీ వేసి పూర్తిచేసి చూపించండి. చెయ్యి బాగుంది, అందులో అనుమానం లేదు. చేసినదాన్ని చివరిదాకా ఎట్లా చూసుకుంటారో చూడాలి నేను. నచ్చితే షెడ్డులో బాడీల పనంతా మీకే అప్పగిస్తాను. కుటుంబంతో వచ్చెయ్యండి."

ఆ సాయంత్రం బావ మొహం చూడాలి! కొట్లోంచి వంటింటికీ, వంటింట్లోంచి కొట్లోకీ ఊరికే తిరిగాడు. "కృష్ణ ఒడ్డున ఇల్లు చూస్తాను. నువ్వూ వచ్చి మీ అక్కకి తోడుండు" అన్నాడు నాతో. అందరం పెద్దాయన ఏమంటారోనని బిక్కుబిక్కుమంటూ ఉన్నాం. ఆయన తిట్టలేదు. "సరేలేరా, నీ ఇష్టం. ముందు పండగ కానీ" అన్నారు. నేను నిజంగా సంబరపడ్డాను. మనిషి మెత్తబడ్డాడనుకున్నాను.

బావ లక్కని స్పిరిట్‌లో కరిగించి, రంగు కలిపి, పూత మీద పూత వేశాడు. ఒక పూత ఆరేదాకా ఇంకో పూత వెయ్యకూడదు. దుమ్ము పడకుండా దాని మీద తట్ట బోర్లించి, ఆ తట్ట దగ్గరే కాపలా కూర్చునేవాడు. పూర్తయ్యాక ఆ మెరూన్ రంగులో మన మొహం కనబడేది.

ఇత్తడి వర్తకుల ఇంట్లో దసరా అంటే ముందు తోముడు. కొట్లో సామానూ ఇంట్లో సామానూ అంతా నూతి దగ్గరికి చేరాల్సిందే. తక్కెడ, తూకపు రాళ్ళు, దీపపు సెమ్మెలు, అన్నిటినీ చింతపండుతోనూ ఇటుకపొడితోనూ తోమి, మెరిపించి, ఆయుధపూజలో పెట్టాలి. కోడళ్ళ నడుములు విరిగేవి. పూజకి ముందురోజు బావ పొద్దున్నే రెడ్డిగూడెం బస్సెక్కాడు. కారు నెంబరు పలక మీద అక్షరాల రంగు తెలుపా పసుపా అని అనుమానం వచ్చిందట, అసలు కారు చూస్తే గానీ మనసు కుదుటపడలేదు. నేను అక్క వాళ్ళ అత్తగారితో గుడికి వెళ్ళాను.

గుడి నుంచి వచ్చేసరికి నూతి దగ్గర బిందెలూ గుండిగలూ ఎండకి తళతళలాడుతున్నాయి. వాటి మధ్యలో ఆ కారు కూడా తళతళలాడుతోంది. మెరూన్ లేదు, నలుపు లేదు. వేడినీళ్ళలో బూడిద కలిపి నానబెట్టి, పైన ఇటుకపొడి వేసి పీచుతో రుద్దింది మా అక్క. ఒక లైటు వంగిపోయింది. తలుపు బందుల్లో ఇటుకపొడి ఇరుక్కుంది. కూజా ఎటు పోయిందో లేనే లేదు.

"నీకు మతిగాని పోయిందా అక్కా!" అని అరిచాను. అక్క నా వంక వింతగా చూసింది. ఇంతలో వీధి తలుపు చప్పుడైంది, బావ వచ్చాడు. అక్క చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఎదురెళ్ళింది.

"చూడండి, ఎట్లా మెరుస్తోందో!"

బావ చూశాడు. ఆయన మొహం చూసి అక్క నవ్వు ఆగిపోయింది. ఇప్పుడు తిడతాడు, కొడతాడేమో కూడా అనుకున్నాను. బావ దగ్గరికొచ్చి కారు తీసుకోలేదు, అక్క చేతులు తీసుకుని తిప్పి చూశాడు. బూడిదకీ చింతపండుకీ వేళ్ళు పగిలి ఉన్నాయి.

"మండుతున్నాయా?" అన్నాడు. అంతే. నెయ్యి రాసుకోమని చెప్పి లోపలికెళ్ళాడు.

దసరా మర్నాడు బెజవాడ పెద్దమనిషి చెప్పినట్టే వచ్చాడు. మళ్ళీ రంగు వెయ్యడానికి వ్యవధి ఎక్కడుంది? హాల్లో పెద్దాయన, బజారువాళ్ళు కొందరు కూర్చుని ఉన్నారు. బావ కారు తెచ్చి చాప మీద పెట్టాడు. బెజవాడాయన దాన్ని చేతిలోకి తీసుకుని, గీతలు పడ్డ రేకు మీద వేలితో రాసి, వంగిన లైటు చూసి, మొహం చిట్లించాడు.

"ఇదేంటండీ, ఇంత పనిని ఇట్లా గీకి పారేశారు? ఏ బుద్ధిలేని మనిషండీ ఆ పని చేసింది?"

హాల్లో అందరూ వంటింటి తలుపు వైపు చూశారు. తలుపు వెనక అక్క నా మోచెయ్యి పట్టుకుంది. పెద్దాయన గొంతు సవరించుకుని, "అది మా మరద..." అని మొదలుపెట్టారో లేదో, బావ అడ్డం వచ్చాడు. అన్నగారి మాటకి ఆయన అడ్డం రావడం నేను చూసింది అదొక్కసారే.

"నేనే తోమానండి. పండక్కి మెరుస్తుందని."

"మీరా!"

"అవునండి."

ఆయన కారుని చాప మీద పెట్టేశాడు. "చేసుకున్న చేతులతోనే ఇటుకపొడి పెట్టి రుద్దారా? రేపు నా షెడ్డులో బస్సుని కూడా ఇట్లానే చేస్తే నేనేం కావాలండీ?" అన్నాడు. బావ తల వంచుకుని నిలబడ్డాడు. ఆ పెద్దమనిషి మేమిచ్చిన కాఫీ తాగి, దణ్ణం పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ కొట్టు వైపు చూడలేదు.

నేను ఊరుకోలేదు. కొట్లో ఒక్కడే ఉన్నప్పుడు వెళ్ళి నిలదీశాను.

"ఎందుకు బావా అట్లా చెప్పారు? మీ నోటితో మీరే చెడగొట్టుకున్నారు కదా!"

"నలుగురిలో మీ అక్కని ఆ మాట అననివ్వమంటావా?"

"ఆయనేమన్నా రోజూ మనింటికొచ్చే మనిషా? అని పోయేవాడు. మీకు బెజవాడ పోయింది!"

"పోతే పోయింది" అని తక్కెడ గొలుసు సరిచేసుకున్నాడు. పోతే పోయిందట! ఏడ్చినట్టుంది. అక్కతో అయినా ఒక్క మాట, ఎందుకు చేశావే అని ఒక్క మాట అడిగాడా అంటే అడగలేదు. పెళ్ళాన్ని ఒక్క మాట అనలేదని ఇంట్లో అందరూ ఆయన్ని దేవుడన్నారు. నాకు మాత్రం ఆ దేవుడితనం మీద అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే.

ఆ తర్వాత ఆయన ఆకురాయి పట్టుకోలేదు. బస్సుల కిందకి తొంగిచూడలేదు. ఏ బిందె అడిగితే ఆ బిందె తూచి ఇచ్చాడు. ఆ కారుని పెద్దాయన ఎప్పుడో పాత ఇత్తడిలో తూకానికి వేసేశారు. పైగా వచ్చినవాళ్ళందరికీ అదొక కథ. "మా తమ్ముడు ఏళ్ళ తరబడి కారు చేశాడండీ, చేసి చింతపండు పెట్టి తోమేసుకున్నాడు!" అని పొట్ట పట్టుకుని నవ్వేవారు. బావ పక్కనే కూర్చుని వినేవాడు.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాయి. హాల్లో ఫొటోకి దండ వేసి ఉంది. పెద్దాయన ముసలాయన అయిపోయారు గానీ గొంతు మాత్రం తగ్గలేదు. తాంబూలం నములుతూ మళ్ళీ అదే కథ ఎత్తుకున్నారు. "అమాయకుడండీ మా వాడు. తన చేత్తో చేసుకుని తనే..." అంటుంటే బంధువులు నవ్వారు. ఆ ఫొటో ముందు! విసవిసా లోపలి గదిలోకి వెళ్ళాను. అక్క గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆ నవ్వులు అక్కడిదాకా వినబడుతున్నాయి.

"ఎందుకు తోమావే అక్కా ఆ వేళ? ఇప్పుడైనా చెప్పు!" అన్నాను.

అక్క చాలా నెమ్మదిగా చెప్పింది. "ఆయనే చెప్పి వెళ్ళారనుకున్నానే. పెద్దాయన, అదే మా బావగారు, తలుపు అవతల నుంచి పిలిచి, 'మీ ఆయన కారు కూడా తోమి పెట్టమన్నాడమ్మా, ఆ నల్లదంతా పోయేలా ఇటుకపొడి వేసి గట్టిగా తోమమన్నాడు' అన్నారు. బావగారికి ఎదురుగా నిలబడి ఎరుగుదునా నేను? నిజమా అని అడుగుతానా? తోమాను. ఈయన వచ్చాక మొహం చూస్తే అర్థమైంది, ఈయన చెప్పలేదని."

నేను అక్క పక్కన కూర్చున్నాను.

"మరి బావతో చెప్పలేదా?"

"ఒక్క తిట్టు తిడితే చెప్పేదాన్నే. ఎందుకు చేశావని అడిగితే చెప్పేదాన్ని. అడగకుండా చేతులు మండుతున్నాయా అన్నారు. అడగని మనిషికి, మీ అన్నగారే చేయించారని ఎట్లా చెప్పను? అన్నదమ్ముల మధ్య నిప్పు పెట్టినదాన్నవుతానని భయం. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. నేనే తెలివితక్కువగా చేశాననుకునే పోయారు."

హాల్లో మళ్ళీ నవ్వు వినబడింది. నేను లేచాను, అటో ఇటో తేల్చేద్దామని. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. సరే, వద్దంటుంది కాబోలనుకున్నాను. నన్ను పక్కకి జరిపి, తనే లేచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, గడప దాటి హాల్లోకి వెళ్ళింది. కాపురానికి వచ్చిన దగ్గర నుంచి ఆ హాల్లో పెద్దాయన ఎదుట నిలబడని మనిషి, నిలబడింది. నవ్వులు ఆగిపోయాయి.

"తోమింది నేనండీ, ఆయన కాదు" అంది. "'మీ ఆయన చెప్పి వెళ్ళాడు, గట్టిగా తోమమ్మా' అని నాతో చెప్పింది మీరు."

పెద్దాయన నోట్లో తాంబూలం అట్లాగే ఆగిపోయింది. అటూ ఇటూ చూశారు. ఎవరూ ఆయన వైపు చూడలేదు.

"ఎప్పటి మాటమ్మా అది! ఇప్పుడెందుకు అవన్నీ?" అన్నారు.

"మీరు ఇప్పుడే కదండీ చెప్పారు" అంది అక్క. "అందరూ నవ్వారు కూడా."